రేగు పూల మీద చుక్కల కళ్ల ఈగ

ఇప్పుడు మన వైపు రేగు చెట్లు పూత మీదున్నాయి. హిందూపురం నుంచి పెనుకొండ దాకా, పెనుకొండ నుంచి ధర్మవరం దాకా, రోడ్డు పక్కన, రైలు కట్ట వెంబడి, చేని గట్ల మీద, వంకల ఒడ్డున రేగు కంపలకు కొదవ లేదు. పూలు చిన్నవి. ఆకుల్లో కలిసిపోయే పసుపుపచ్చ రంగు. వాసన కూడా అంత ఇంపుగా ఉండదు. అందుకే కాయలు పండినప్పుడు తప్ప ఆ చెట్టు మన కంటికి ఆనదు. ఈసారి పూత ఉండగానే చూడండి. పొద్దెక్కి, ఎండ కాస్త చురుక్కుమన్నాక ఆ కంప పక్కన నిలబడండి. చెట్టు చెట్టంతా జుమ్మంటూ ఉంటుంది.

"అమ్మో, తేనెటీగలు! దూరంగా రా" అని పిల్లల్ని వెనక్కి లాగుతాం. నిజమే, అందులో తేనెటీగలున్నాయి. కానీ అన్నీ తేనెటీగలు కావు. కొన్ని అచ్చం అలాగే ఉంటాయి. ఒళ్లు అదే గోధుమ రంగు. పొట్ట మీద అవే నల్ల పట్టెలు. అదే మోత. పువ్వు మీద వాలే తీరు కూడా అదే. కానీ అది ఈగ. అది కుట్టదు. కుట్టడానికి దానికి ముల్లే లేదు. కరవదు కూడా. పూలలోని తేనె తాగి, పుప్పొడి తిని బతికే ఈగ అది.

వ్యవసాయాధికారులు, శాస్త్రవేత్తలు ఈ కుటుంబాన్ని సిర్ఫిడ్ ఈగలంటారు. ప్రపంచంలో వీటిలో సుమారు 6,000 జాతులున్నాయి. మన శెనక్కాయ రైతుల్లో కొందరికి ఈ పేరు తెలిసే ఉంటుంది. పేనుబంకను తినే మిత్రపురుగుల గురించి చెప్పేటప్పుడు అక్షింతల పురుగుతో పాటు సిర్ఫిడ్ ఈగ పేరూ వస్తుంది. పేనుబంకను తినేవి వీటిలో చిన్న జాతుల పిల్లపురుగులు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ చిన్నవాటి గురించి కాదు. తేనెటీగంత ఉండి, తేనెటీగలా కనబడే పెద్దవాటి గురించి.

చెప్పదలచుకున్న మాట ఒక్కటే. ఈ ఈగను చూడాలన్నా, ఫోటో తీయాలన్నా, దాని వెంట పడకండి. ఒక పూల గుబురు ఎంచుకోండి. దాని పక్కన కూర్చోండి. కాచుకోండి. ఈగే మీ దగ్గరికి వస్తుంది. ఎందుకు వస్తుందో, వచ్చినప్పుడు ఏం చూడాలో ఇప్పుడు చెబుతాను.

ముందు దీన్ని గుర్తుపట్టడం ఎలా? పుస్తకాల్లో మొదట రాసేది రెక్కల లెక్క. తేనెటీగకు నాలుగు రెక్కలు, ఈగకు రెండే. మాట నిజం. కానీ చెట్టు దగ్గర అది పనికిరాదు. తేనెటీగ ముందు రెక్క, వెనక రెక్క ఒకదానికొకటి కొక్కెం వేసుకుని ఒకటే రెక్కలా కనబడతాయి. వాలి ఉన్నా, ఎగురుతున్నా మన కంటికి లెక్క అందదు. అందుకని నేను మూడు చోట్ల చూడమంటాను. కళ్లు, మీసాలు, వెనక కాళ్లు.

కళ్లు చూడండి. తేనెటీగ కళ్లు తలకు రెండు పక్కలా నిలువుగా, కోలగా ఉంటాయి. మధ్యలో నుదురు బాగా కనబడుతుంది. ఈ ఈగకు తలంతా కళ్లే. చాలా జాతుల్లో మగవాటికి రెండు కళ్లూ నడినెత్తిన దాదాపు కలుసుకుంటాయి. ఆడవాటికి మధ్యలో సందు ఉంటుంది.

మీసాలు చూడండి. తేనెటీగ మీసాలు పొడుగ్గా ఉండి, మధ్యలో మోచేతిలా మడత పడతాయి. దూరం నుంచైనా కనబడతాయి. ఈగ మీసాలు పొట్టివి. కళ్ల మధ్య చిన్న బొడిపెలు, ఒక్కో బొడిపెకు ఒక సన్నటి వెంట్రుక. అంతే.

వెనక కాళ్లు చూడండి. పని మీదున్న తేనెటీగ వెనక కాళ్లకు పుప్పొడి ముద్దలు పసుపుగా అంటుకుని ఉంటాయి. ఈగ పుప్పొడిని మూట కట్టుకోదు. అక్కడికక్కడే తినేస్తుంది. దాని ఒంటి మీది నూగుకు పొడి అంటుకోవచ్చు, కాలికి ముద్ద మాత్రం ఉండదు.

మళ్లీ చెబుతున్నాను. కళ్లు, మీసాలు, వెనక కాళ్లు. ఈ మూడూ చూస్తే పొరబడే అవకాశం తక్కువ. ఇంకో తేడా ఉంది. అది దూరం నుంచే తెలుస్తుంది. తేనెటీగ గాలిలో అటూ ఇటూ ఊగుతూ పువ్వుకు చేరుతుంది. ఈ ఈగ గాలిలో ఉన్నచోటే నిలబడగలదు. కదలదు, ఊగదు. ఉన్నట్టుండి పక్కకు మాయమై, మళ్లీ అదే చోట ప్రత్యక్షమవుతుంది.

మరి కుట్టలేని ఈగకు తేనెటీగ వేషం ఎందుకు? మన వీధిలో ఒక ఇంటి గేటుకు "కుక్క ఉంది, జాగ్రత్త" అని బోర్డు తగిలిస్తారు. లోపల కుక్క ఉండదు. అయినా దొంగ ఆ ఇంటి జోలికి పోడు. ఎందుకంటే అంతకు ముందు పక్క వీధిలో అలాంటి బోర్డే ఉన్న ఇంట్లో నిజం కుక్క వాడి పిక్క పట్టుకుంది. ఈగ ఒంటి మీది పట్టెలు ఆ బోర్డు. తేనెటీగను నోట పెట్టుకుని ఒకసారి కుట్టించుకున్న పిట్ట, తొండ మళ్లీ ఆ పట్టెల జోలికి రావు. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఊళ్లో అన్ని ఇళ్లకూ ఆ బోర్డు పెట్టి, ఎక్కడా కుక్క లేకపోతే, నాలుగు రోజుల్లో దొంగలకు సంగతి తెలిసిపోతుంది. బోర్డుకు విలువ పోతుంది. అందుకే ఈ ఈగల బతుకు తేనెటీగల మీద ఆధారపడి ఉంది. తేనెటీగలు ఉన్నచోటే ఈ వేషానికి బలం. ఈ సూత్రాన్ని ఇంగ్లండుకు చెందిన హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో అమెజాన్ అడవుల సీతాకోకచిలుకలను చూసి రాశాడు. ఆయన పేరు మీదే ఈ రకం అనుకరణను నేటికీ పిలుస్తున్నారు.

వేషం రంగుతో ఆగదు. నడత కూడా కలుస్తుంది. ఇంగ్లండులోనే గోల్డింగ్, ఎడ్మండ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఈగలను, తేనెటీగలను పూల దగ్గర గమనించి 2000లో ఒక వ్యాసం రాశారు. ఒక్కో పువ్వు మీద ఎంతసేపు ఉంటాయి, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు పోవడానికి ఎంతసేపు తీసుకుంటాయి అని లెక్క వేశారు. ఈ విషయంలో ఆ ఈగ తన తోటి ఈగల కంటే తేనెటీగకే దగ్గరగా ఉందని తేలింది. గడియారం ఉంటే చాలు, ఈ లెక్క మన హైస్కూలు పిల్లలు కూడా వేయగలరు. ఒక పొద్దుతిరుగుడు చేను, ఒక గడియారం, ఒక నోటు పుస్తకం చాలు. సైన్సు మాస్టార్లు వింటూ ఉంటే, దయచేసి ఒకసారి చేయించి చూడండి.

ఇప్పుడు దాని పుట్టుక గురించి చెబుతాను. ఇది తెలిస్తే ఎక్కడ కాచుకోవాలో మీకే తెలుస్తుంది.

తేనెటీగ తుట్టెలో పుడుతుంది. ఈ పెద్ద ఈగ మురుగు నీళ్లలో పుడుతుంది. ఎనుముల కొట్టం పక్కన మూత్రం, పేడ కలిసి నిలిచిన గుంత. తిరగబోయకుండా వదిలేసిన కుడితి తొట్టి. ఆకులు రాలి కుళ్లిన నీటి తొట్టి. చెరువు ఒడ్డున పశువులు తొక్కి రొచ్చు చేసిన చోటు. ఇలాంటి చోట్ల ఈ ఈగ గుడ్లు పెడుతుంది. అందులో బూడిద రంగు పురుగులు తిరుగుతూ ఉంటాయి. వాటికి వెనక పొడవాటి తోక ఉంటుంది. ఎలుక తోకలా ఉంటుందని వాటికి ఇంగ్లీషులో ఆ పేరే పెట్టారు. నిజానికి అది తోక కాదు, ఊపిరి గొట్టం. మురుగులో గాలి ఉండదు. అందుకని పురుగు అడుగున తింటూ, గొట్టాన్ని నీటి పైకి చాపి గాలి పీలుస్తుంది. నీళ్లు లోతైతే గొట్టం సాగుతుంది. ఒంటి కంటే ఎన్నో రెట్లు పొడవు సాగుతుంది. నీళ్లు తగ్గితే ముడుచుకుంటుంది. ఈసారి కుడితి తొట్టి కడిగేటప్పుడు గమనించండి. నీటి మీద సన్నటి గొట్టాల కొసలు తేలుతూ కనబడితే, కింద ఈ పురుగులున్నట్టు. అవి అక్కడ కుళ్లును తింటున్నాయి. అంటే మన మురుగును శుభ్రం చేస్తున్నాయి. ఎదిగాక ఒడ్డుకు పాకి, పొడి మట్టిలో గూడు కట్టుకుని, రెక్కలతో బయటికి వస్తాయి.

దీనికో పాత కథ ఉంది. ప్రాచీన గ్రీకులు, రోమన్లు చచ్చిన ఎద్దు కళేబరం నుంచి తేనెటీగలు పుడతాయని నమ్మేవారు. రోమన్ కవి వర్జిల్ వ్యవసాయం మీద రాసిన కావ్యంలో ఆ పద్ధతిని వివరించాడు. బైబిల్లో సంసోను కథలో కూడా సింహం కళేబరంలో తేనెటీగలు కనబడతాయి. రెండు వేల ఏళ్లు జనం నమ్మిన ఈ మాటకు మూలం ఏమిటో రష్యా దౌత్యవేత్త, ఈగల శాస్త్రవేత్త ఆస్టెన్ సాకెన్ 1894లో ఒక పుస్తకమే రాసి తేల్చాడు. కళేబరం కుళ్లి కారిన ద్రవంలో పెరిగేది ఈ తోక పురుగే. అందులోంచి ఎగిరి వచ్చేది తేనెటీగలా కనబడే ఈ ఈగే. కళ్లు, మీసాలు చూసేవాడు లేక అంత పెద్ద నమ్మకం అన్నేళ్లు నిలిచింది.

సరే, మన ఊళ్లకు వద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నీళ్లు తక్కువ. పూలు వాన వెంట వస్తాయి. అందుకే మనకు మంచి కాలం వానలు కాస్త నిలదొక్కుకున్న సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు. ఆ తర్వాత మామిడి పూత. ఎండాకాలంలో మాత్రం పొద్దున్నే, నీళ్లున్న చోటే వెతకాలి.

ఎక్కడ కాచుకోవాలి? రెండు వస్తువులు దగ్గర దగ్గరగా ఉన్న చోటు చూసుకోండి. ఒకటి, ఈగ పుట్టే రొచ్చు. రెండు, అది తినే పూలు. హిందూపురం చుట్టుపక్కల దీనికి నేను మొదట చెప్పేది మల్బరీ తోటల గట్లు. కారణం ఉంది. పట్టుపురుగులు మేపే రైతు మల్బరీ ఆకు మీద పురుగుమందు పడకుండా ఎంత జాగ్రత్త పడతాడో అందరికీ తెలుసు. మందు పడిన ఆకు వేస్తే పంట మొత్తం పోతుంది. అందుకని ఆ తోటల గట్ల మీద పురుగూ పుట్రా కాస్త నిశ్చింతగా బతుకుతాయి. పక్కనే పశువుల కొట్టం, ఎరువు గుంత ఉంటాయి. గట్టు మీద గడ్డిచేమంతి పూస్తూ ఉంటుంది. పుట్టడానికి చోటు, తినడానికి పూలు, మందు భయం తక్కువ. మూడూ ఒకేచోట. కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉన్నది ఈ ప్రాంతంలోనే. ఆ చుట్టూ ఉన్న పల్లెల్లో మల్బరీ గట్టు వెతుక్కోవలసిన పని లేదు.

పెనుకొండలో అయితే కొండ కింద దారి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊరు అది. కోటగోడలు, పాత బావులు, వాటి చుట్టూ చెట్లు. చెట్ల నీడలో అక్కడక్కడా ఎండపొడ పడుతుంది. ఆ ఎండపొడలోకి తలెత్తి చూడండి. మగ ఈగ మన తల ఎత్తునో, అంతకు కొంచెం పైనో, గాలిలో ఒకేచోట నిలబడి ఉంటుంది. కానీ ఒక హెచ్చరిక. కొండ చరియలకు, పాత గోడలకు పెద్ద తేనెతుట్టెలు పట్టి ఉంటే ఆ దరిదాపులకు పోకండి. కొండ తేనెటీగలు మూకుమ్మడిగా వెంట పడతాయి. అక్కడ పొగ పెట్టడం, రాళ్లు విసరడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ధర్మవరంలో చెరువు కింది పొలాలు, చిత్రావతి ఒడ్డు బాగుంటాయి. ఉల్లి, ధనియాలు విత్తనానికి వదిలిన మడి దొరికితే ఇంకేం కావాలి? ఉల్లి పూగుత్తి, ధనియాల పూత ఈ ఈగలకు ఎంతో ఇష్టం. దాని నాలుక తేనెటీగ నాలుకంత పొడుగు కాదు. అందుకే లోతు తక్కువగా, తెరుచుకుని ఉండే పూల మీదే వాలుతుంది. గడ్డిచేమంతి, బంతి, చేమంతి, పొద్దుతిరుగుడు, తులసి, రేగు, వేప. ఇవన్నీ పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. లోతు లేని పువ్వు అని గుర్తుంటే చాలు. వయ్యారిభామ పూల మీద కూడా వాలుతుంది, కానీ ఆ మొక్క చాలామందికి దురద, ఆయాసం తెస్తుంది. దాని పక్కన మాత్రం కూర్చోకండి.

ఇప్పుడు కాచుకోవడం దగ్గరికి వస్తున్నాను. వెంట పడకండి అని ఎందుకన్నాను? రెండు కారణాలు.

మొదటిది, ఆ కళ్లు. తలంతా కళ్లున్న జీవికి కదలిక ఇట్టే తెలుస్తుంది. మీరు చెయ్యి ఊపినా, మీ నీడ పువ్వు మీద పడినా లేచిపోతుంది. కదలకుండా కూర్చున్న మనిషిని మాత్రం అది ఒక చెట్టు మోడు కింద జమకడుతుంది. మోకాలి మీదికి వచ్చి వాలినా ఆశ్చర్యం లేదు.

రెండోది, దానికి తిరిగి వచ్చే అలవాటుంది. ముఖ్యంగా మగవాటికి. ఎండపొడలో నిలిచిన మగ ఈగ ఆ చోటును తనదిగా భావిస్తుంది. అటుగా ఏ పురుగు పోయినా తరుముతుంది. ఆడ ఈగేమో అని చూస్తుంది. కాకపోతే వెనక్కి వచ్చి, సరిగ్గా అదే చోట నిలబడుతుంది. ఒక చిన్న మట్టి బెడ్డ దానికి తగలకుండా పక్కగా విసిరి చూడండి. బెడ్డ వెంట కూడా దూసుకుపోయి, తిరిగి వస్తుంది. కొలెట్, లాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1978లో ఈ తరుముడు గురించి రాశారు. ఈగ పురుగు ఉన్నచోటికి ఎగరదు, అది చేరబోయే చోటికి ఎగురుతుందని తేల్చారు. గడ్డిగింజంత మెదడు కూడా లేని ఈగ గాలిలో ఆ లెక్క కడుతోంది. నాకు ఇది ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

తిరిగి వస్తుందని తెలిశాక ఫోటో పని సగం తేలిక. అది నిలబడిన చోటికి ముందే కెమెరా గురి పెట్టుకోండి. అది పోతే పోనివ్వండి. మీరు కదలకండి. గురి మార్చకండి. వచ్చి నిలబడగానే నొక్కండి.

ఫోన్ ఉన్నవాళ్లకు కొన్ని మాటలు. ఫోన్‌ను ఈగ మీదికి ఒక్కసారిగా పోనివ్వకండి. రెండు అడుగుల దూరంలో కూర్చుని రెండింతల జూమ్ పెట్టండి. మోచేతులు మోకాళ్ల మీద ఆనించండి. తెర మీద ఈగ ఉన్నచోట వేలు పెట్టి కాసేపు అదిమితే ఫోకస్ అక్కడ నిలిచిపోతుంది. ఎండ ఎక్కువుంటే వెలుగు కాస్త తగ్గించండి. లేకపోతే కళ్ల మీది నిగ్గు తెల్లగా మాడిపోతుంది. ఒక ఫోటో కాకుండా, బటన్ పట్టుకుని వరసగా తీయండి. ఫోన్‌కు తగిలించే చిన్న మాక్రో లెన్స్‌లు దొరుకుతాయి. వాటితో చాలా దగ్గరికి పోవాలి కాబట్టి, తెల్లవారి చల్లదనంలో, ఈగ ఇంకా ఎండ కాచుకుంటున్నప్పుడు వాడితే ఫలితం ఉంటుంది.

కెమెరా ఉన్నవాళ్లకు ఒక లెక్క. ఈ ఈగ రెక్కలు సెకనుకు సుమారు 200 సార్లు కొట్టుకుంటాయి. ఎగిరేటప్పుడు రెక్క కాస్తైనా ఆనవాలుగా రావాలంటే షట్టర్ స్పీడ్ సెకనులో 2,000వ వంతైనా ఉండాలి. పువ్వు మీద వాలి ఉన్నప్పుడు 500వ వంతు చాలు. ఫోన్లో స్లో మోషన్ తీసేవాళ్లకు కూడా ఇదే లెక్క. చాలా ఫోన్లు సెకనుకు 240 ఫ్రేములు తీస్తాయి. అంటే రెక్క ఒకసారి కొట్టుకునే లోపు దాదాపు ఒక్క బొమ్మే. రెక్క కదలిక అందదు. కానీ అది ఎలా మలుపు తిరిగింది, ఎలా ఎదురు దూకింది అన్నది చక్కగా కనబడుతుంది. ఆ వీడియో ఇంటిల్లిపాదికీ చూపించండి.

అందమైన ఫోటో ఒకటి, పనికొచ్చే ఫోటో ఒకటి. రెండూ కావాలి. జాతిని గుర్తించాలంటే పైనుంచి వీపు, పొట్ట కనబడేలా ఒకటి తీయండి. ఎదురుగా ముఖం ఒకటి. పక్కనుంచి కాళ్లు కనబడేలా ఒకటి. ముఖం ఫోటోను పెద్దది చేసి చూడండి. మన వైపు కనబడే పెద్ద ఈగల్లో ఎరిస్టాలైనస్ అనే ప్రజాతి ఉంది. వాటి కళ్ల మీద లేత రంగు మీద ముదురు చుక్కలుంటాయి, ఎవరో కలంతో ఓపికగా పెట్టినట్టు. వీపు మీద నిలువు చారలు. పొట్ట మీద నారింజ, నలుపు పట్టెలు. అందులో ఎరిస్టాలైనస్ ఆర్వోరం అనే జాతికి డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ 1787లో పేరు పెట్టాడు. మనం రోజూ తోలేసే ఈగ పేరు శాస్త్ర గ్రంథాలకెక్కి రెండు వందల ఏళ్లు దాటింది.

ఇక రెక్క. ఈగ వాలినప్పుడు రెక్కలు రెండూ కాస్త విప్పి పెట్టి ఉంచుతుంది. ఎండ రెక్కకు వెనకగా ఉండేలా చూసుకుని తీస్తే గీతలన్నీ కనబడతాయి. సిర్ఫిడ్ ఈగల రెక్క మధ్యలో ఒక దొంగ గీత ఉంటుంది. మిగతా గీతలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఇది ఎటూ కలవదు. రెండు కొసలా గాలిలో వదిలేసినట్టు ఆగిపోతుంది. ఆ దొంగ గీత కనబడిందా, అది సిర్ఫిడ్ ఈగే. ఈ పెద్దవాటిలో ఇంకో ఆనవాలు కూడా ఉంది. రెక్క కొస వైపు పోయే ఒక గీత, మధ్యలో కిందికి బాగా వంగి, మళ్లీ పైకి లేస్తుంది. ఒకసారి చూసినవాళ్లు దాన్ని మర్చిపోలేరు.

మన దేశపు సిర్ఫిడ్ ఈగలన్నిటినీ ఒక పుస్తకంలోకి తెచ్చిన మనిషి ఎన్రికో బ్రునెట్టి. ఆయన వృత్తి సంగీతం. కలకత్తాలో ఉంటూ, అక్కడి మ్యూజియంలో ఈగల మీద పనిచేశాడు. ఆయన రాసిన సంపుటం 1923లో వచ్చింది. సంగీతం మీద బతికిన మనిషి ఈగల మోత వెంట అన్నేళ్లు ఉండడం నాకు సహజంగానే తోస్తుంది. ఆయన ప్రతి ఈగనూ పట్టి, సూదికి గుచ్చి, భూతద్దం కింద పెట్టి చూడాల్సి వచ్చింది. మనకు ఆ అవసరం లేదు. ఐనాచురలిస్ట్ అనే యాప్ ఉంది. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ ఉంది. ఫోటో, తేదీ, ఊరు పెడితే తెలిసినవాళ్లు చూసి పేరు చెబుతారు. ఈగ బతికే ఉంటుంది.

ఇదంతా సరదాకేనా అని రైతు సోదరులు అడగవచ్చు. సరదాకే అయినా తప్పులేదు. కానీ మీ పంటకూ దీనికీ సంబంధముంది. పూలలో పుప్పొడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే పనిలో తేనెటీగల తర్వాత చెప్పుకోవలసినవి ఈ ఈగలే. ఉల్లి విత్తనం కట్టడంలో, ధనియాలు గింజ పట్టడంలో వీటి చెయ్యి ఉంది. మామిడి పూత మీద కూడా ఇవి తిరుగుతాయి. మామిడి కాపులో ఈగల పాత్ర చిన్నది కాదు. పూత మీద మందు కొట్టాల్సి వస్తే, ఈ ఈగలు, తేనెటీగలు తిరిగే పగటిపూట కొట్టకండి. పొద్దు వాలాక కొట్టండి. రైతు ఆ ఒక్క పూట ఓపిక పడితే ఎన్ని వేల పురుగులు బతుకుతాయో!

పిల్లలకు ఒక మాట. ఈగ కుట్టదని చెప్పాను కదా అని గబుక్కున చేత్తో పట్టుకోకండి. కళ్లు, మీసాలు, వెనక కాళ్లు చూసి, అది ఈగే అని మీకు మీరు తేల్చుకునేదాకా చేతులు వెనక్కే ఉండాలి. తేల్చుకున్నాక కూడా పట్టుకోవడం ఎందుకు? కదలకుండా కూర్చుంటే మీ వేలి మీద చెమట నాకడానికి అదే రావచ్చు. అప్పుడు ఆ చుక్కల కళ్లు ఇంత దగ్గరగా కనబడతాయి.

ఫోటో తీసినప్పుడు మూడు సంగతులు రాసుకోండి. తేదీ. ఊరి పేరు, చోటు. ఏ పువ్వు మీద ఉంది. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. ఏ ఈగ ఏ పువ్వుకు, ఏ నెలలో వస్తుందో మన రాయలసీమ పల్లెల నుంచి రాసి పెడితే, ఉల్లి రైతుకూ, మామిడి రైతుకూ, బడి పిల్లలకూ పనికొస్తుంది. రేగు పూత ఇంకొన్నాళ్లుంటుంది. అది అయ్యేలోపు పశువుల కొట్టం పక్కనో, మల్బరీ గట్టు మీదో ఒక గుబురు చూసి పెట్టుకోండి. పొద్దున ఎనిమిది, పది మధ్య అయితే వెలుగు బాగుంటుంది, ఈగలు కూడా మెత్తగా తిరుగుతుంటాయి. నీళ్ల సీసా, టోపీ మర్చిపోకండి.